మట్టి ఎటు పడితే

అక్టోబరు చివరి శనివారం.
ఇంకో పది రోజులైతే నేల రాయైపోతుంది,
ఏప్రిల్ దాకా ఎవరి మాటా వినదు.
అందుకే ఫోను చేశారు, ఇద్దరూ,
ఒకే రోజు, ఒకరికి తెలియకుండా ఒకరు:
మార్సెలీన్, ఆ దారి కాస్త చదును చేసిపెట్టు.

దారి ఒక్కటే.
సెయింట్ జాన్ నదికి దిగే వాలులో,
అవతలి ఒడ్డున కెనడా కనబడే చోట,
తవ్వేసిన బంగాళాదుంప చేల మధ్య
నాలుగు వందల అడుగుల కంకర.
ఎడమన లియోన్స్ వెలెట్. కుడిన ఫెర్నాండ్ థిబొడో.
పదకొండేళ్లుగా మాటల్లేవు.
తగాదా నీళ్లది.
వాన కురిస్తే ఎవరి కొట్టంలోకి పోతాయన్నది.

నా బండి చిన్నది,
పట్టాల మీద నడిచే లోడరు.
ట్రైలరు ఎక్కితే
సంతకు పోతున్న దూడలా బెదిరి చూస్తుంది.
బకెట్టు విప్పి బ్లేడు తగిలించాను.
పిన్నులు రెండూ దిగిన చప్పుడు
చెవితో కాదు, మడమతో వింటాను.
గొట్టాలు కలిపి ఒకసారి పైకి, ఒకసారి కిందికి,
ఆ పక్కకి, ఈ పక్కకి,
అప్పుడే నిద్ర లేచినవాడు మెడ విరుచుకున్నట్టు.

నేర్చుకున్న కొత్తలో
నేను వేసిన దారి మీద బట్టలుతకొచ్చు,
అన్ని మడతలు.
పొట్టి బండి కదా, బ్లేడేమో ముందెక్కడో ఉంటుంది.
పట్టా వేలెడు ఎత్తెక్కితే
బ్లేడు జానెడు లేస్తుంది.
పట్టా దిగితే అది జానెడు తవ్వుతుంది.
తవ్విన గుంటలోకి మళ్లీ పట్టా.
తప్పు తన పిల్లను చంకనేసుకుని
దారి పొడుగునా నడిచేది.
నేను సరిదిద్దుతున్నాననుకునేదాన్ని.

మా అత్త ఓడెట్, ఇరవై ఆరేళ్లు గ్రేడరు నడిపిన మనిషి,
కంచె మీద మోచేతులాన్చి అంతా చూసి
సిగరెట్టు ఆర్పి ఒక్క మాటంది:
"బ్లేడు వైపు చూడకు. పిర్రలతో చూడు."

అది ఎక్కడానికి రెండు వేసవులు పట్టింది.
సీటు ఒరిగిందంటే నేల ఒరగబోతోంది.
అంతకు ముందే లివరు మీద వేలు కదలాలి,
ఊపిరి పీల్చినంత.
గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావో
మర్నాడంతా పూడ్చుకోవడమే పని.

సరే, ఈ శనివారం.

బ్లేడు నేరుగా పెడితే మట్టి ముందే పోగవుతుంది.
ఏటవాలుగా తిప్పితేనే పక్కకి జారుతుంది.
ఏటవాలంటే ఒక పక్కను ఎన్నుకోవడమే.
ఎటు తిప్పినా ఆ చివర నుంచి
మట్టి జడలా అల్లుకుంటూ గట్టుగా పడుతుంది,
ఎవరో ఒకరి వైపు.
గట్టు పడ్డవాడికి రక్ష. అవతలివాడికి వరద.

లియోన్స్ కిటికీ తెర బెత్తెడు జరిగింది.
ఫెర్నాండ్ తన కొట్టం ముందు
మేకు లేని చోట సుత్తితో కొడుతున్నాడు.

మొదటి వరస ఎడమకి పడింది.
సుత్తి ఆగింది.
తిరుగు వరసలో బ్లేడు మళ్లించి
ఆ గట్టునే నడిమికి లాక్కొచ్చాను.
తెర ఊగింది.
అలా పధ్నాలుగు వరసలు,
బ్లేడులో సగానికి మించి మట్టి మోయకుండా.
తొమ్మిదో వరసలో రాయి తగిలి
పళ్లు జివ్వుమన్నాయి.
మంచు ఏటా కింద నుంచి ఎగదోసే రాయే.
దిగి చేత్తో పెకలించాను.
దాని నెత్తిన పాత గీతలు,
కొన్ని నా బ్లేడువే.

పొద్దు వాలేసరికి దారికి సన్నటి వెన్ను లేచింది.
ఐదడుగులకు రెండంగుళాలు, కంటికి ఆనదు.
థర్మాసులో మిగిలిన టీ
దాని నడినెత్తిన ఒంపాను.
టీ కాసేపు ఆలోచించింది.
ఆపైన రెండుగా చీలి రెండు వైపులా పోయింది.

లియోన్స్ నోట్లు మడిచి ఇస్తూ అన్నాడు:
"వాడి వైపు కాస్త మెరకగా లేదూ?"
ఫెర్నాండ్ చెక్కు రాస్తూ అదే అడిగాడు.
వానొచ్చినప్పుడు బయటికొచ్చి చూసుకోమన్నాను,
ఇద్దరినీ.

ఇంటికొచ్చి పారతో గీకితే
బ్లేడు వెనక నుంచి రెండు దోసిళ్ల మట్టి రాలింది.
ఏ వైపుదో తెలీదు.
వెల్లుల్లి మడిలో వేశాను.